ఆరక్షరాల వెనక ఎవరు?

రాత్రి పది దాటాక ఫోన్‌లో మెసేజ్ వస్తుంది. 'మీ పార్సిల్ ఆగిపోయింది. అడ్రసు సరిచేసుకోండి' అని రెండే ముక్కలు. కింద ఒక చిన్న లింకు. చదివితే అర్థం కాని ఆరేడు అక్షరాలు, మధ్యలో ఒక అంకె. ఆ మనిషి నిజంగానే ఏదో పార్సిల్ కోసం ఎదురుచూస్తుంటే ఇక రెండో ఆలోచన ఉండదు, వేలు నొక్కేస్తుంది. తెర ఒక్క క్షణం తెల్లబడుతుంది. పైన అడ్రసు చకచకా రెండుసార్లు మారుతుంది. ఆ తర్వాత అచ్చం కొరియర్ కంపెనీదిలాగే ఉన్న పేజీ తెరుచుకుంటుంది. పేరు, ఫోన్ నంబరు, తిరిగి పంపడానికి ఒక చిన్న మొత్తం, దానికోసం కార్డు నంబరు అడుగుతుంది. తెర తెల్లబడిన ఆ క్షణంలో తాను ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందీ ఆ మనిషి చూడలేదు. చూసే వీలు లేకుండా చేయడమే ఆ లింకు పని.

ఇలా మోసపోయినవాళ్లను చూసి 'అంత తెలివి లేకుండా ఎలా నొక్కారు' అనేవాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు. మేము ఆ మాటతో ఏకీభవించం. తలుపు మీద పేరు చెరిపేసి, లోపల ఎవరున్నారో కనుక్కోలేకపోయావని వచ్చినవాడిని తప్పుపట్టడం ఏం న్యాయం? పేరు చెరిపేసే అలవాటును మామూలు చేసింది ఎవరన్నది ముందు అడగాలి.

పొట్టి లింకు మోసం కోసం పుట్టింది కాదు. 2002లో కెవిన్ గిల్బర్ట్‌సన్ అనే వెబ్ డెవలపర్ వెబ్ అడ్రసులను కుదించి ఇచ్చే 'టైనీయూఆర్ఎల్' సర్వీసును మొదలుపెట్టే నాటికి పొడవాటి అడ్రసులు పెద్ద తలనొప్పి. ఈమెయిల్లో పెడితే రెండు లైన్లుగా విరిగిపోయేవి, నొక్కితే సగం అడ్రసే తెరుచుకునేది. 2006లో ట్విటర్ వచ్చి 140 అక్షరాల్లోనే మాట ముగించాలనడంతో పొట్టి లింకుకు గిరాకీ పెరిగింది. 2008లో బిట్లీ, ఆ మరుసటి ఏడాది గూగుల్ సొంత సర్వీసు వచ్చాయి. ఇప్పుడు ఆ అవసరం దాదాపుగా తీరిపోయింది. ఎక్స్‌గా పేరు మార్చుకున్న అదే ట్విటర్‌లో లింకు ఎంత పొడవున్నా 23 అక్షరాల కిందే లెక్కవేస్తారు. మెసేజింగ్ యాప్‌లలో ఎంత పొడవు అడ్రసైనా విరగకుండా వెళుతుంది. కాగితం మీద అచ్చువేసేటప్పుడు, ఒక్కో మెసేజ్‌కు అక్షరాల పరిమితి ఉన్న ఎస్సెమ్మెస్‌లో తప్ప పొట్టి లింకు లేకపోతే ఆగిపోయే పని పెద్దగా లేదు. అయినా అది ఇంకా ఎందుకు రాజ్యమేలుతోందంటే, ఎవరు ఎప్పుడు ఎక్కడి నుంచి నొక్కారో లెక్క చెబుతుంది కనుక. అంటే లాభం పంపేవాళ్లది, రిస్కు నొక్కేవాళ్లది.

అది పనిచేసే తీరు చాలా సాదా. సర్వీసు దగ్గర ఒక పట్టిక ఉంటుంది. ఒకవైపు పొట్టి కోడ్, దాని ఎదురుగా అసలు అడ్రసు. మనం నొక్కగానే ఫోన్ ఆ సర్వర్‌ను అడుగుతుంది. 'ఇక్కడ కాదు, అక్కడికి వెళ్లు' అని సర్వర్ 301 లేదా 302 అనే సంకేతంతో దారి మళ్లిస్తుంది. మళ్లిన చోట ఇంకో మళ్లింపు ఉండొచ్చు, దాని తర్వాత మరొకటి. ఈ ప్రయాణమంతా రెప్పపాటులో అయిపోతుంది. పట్టిక ఎవరి చేతిలో ఉంటే దారి వాళ్ల చేతిలో ఉన్నట్టే. నిన్న సరైన చోటికి వెళ్లిన లింకు ఈరోజు ఇంకో చోటికి వెళ్లొచ్చు, లింకు రూపంలో ఒక్క అక్షరం కూడా మారదు. 2009 జూన్‌లో 'క్లిగ్స్' అనే సర్వీసు మీద దాడి జరిగినప్పుడు సుమారు 22 లక్షల లింకులు ఒక్కసారిగా ఒకే పేజీ వైపు తిరిగిపోయాయి. అదృష్టవశాత్తూ ఆ పేజీ ప్రమాదకరమైంది కాదు. అయివుంటే? ఆ లింకులను పంచుకున్నవాళ్లలో ఎవరి తప్పూ లేదు, నొక్కినవాళ్ల తప్పూ లేదు.

'నాకు ఇవన్నీ తెలుసు, నేను పడను' అనుకునేవాళ్లు 2016 నాటి ఒక ఘటనను గుర్తుచేసుకోవాలి. అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో హిల్లరీ క్లింటన్ ప్రచారానికి ఛైర్మన్‌గా ఉన్న జాన్ పొడెస్టాకు ఆ ఏడాది మార్చి 19న ఒక మెయిల్ వచ్చింది. మీ పాస్‌వర్డ్ ఎవరి చేతికో చిక్కింది, వెంటనే మార్చుకోండని గూగుల్ పంపినట్టే ఉంది. మార్చుకోవడానికి ఇచ్చిన బటన్ వెనక ఉన్నది బిట్లీ లింకు. ప్రచార బృందంలో కంప్యూటర్ వ్యవహారాలు చూసే ఉద్యోగిని అడిగితే 'ఇది అసలైన మెయిలే' అని జవాబు వచ్చింది. నకిలీదని రాయబోయి పొరపాటున అలా రాశానని ఆయన తర్వాత చెప్పుకున్నారు. కానీ అదే జవాబులో గూగుల్ అసలు పేజీ అడ్రసు కూడా ఆయన ఇచ్చారు. సరైన దారి కళ్లముందే ఉంది. నొక్కింది మాత్రం మెయిల్లోని పొట్టి లింకును. పొడెస్టా మెయిళ్లు వేలకొద్దీ బయటపడ్డాయి. సెక్యూర్‌వర్క్స్ అనే భద్రతా సంస్థ వెనక్కి వెళ్లి లెక్క తీస్తే, 2015 అక్టోబర్ నుంచి 2016 మే వరకు ఈ మెయిల్ పంపిన హ్యాకర్ల ముఠా దాదాపు 9,000 పొట్టి లింకులతో దాదాపు 4,000 గూగుల్ ఖాతాలకు వల వేసినట్టు తేలింది. దేశాధ్యక్ష ఎన్నికల ప్రచారం నడిపే మనుషులే హడావుడిలో ఆ తప్పు చేశారంటే, రోజంతా పనిచేసి అలిసిపోయి పడుకోబోతున్న మామూలు మనిషిని ఏమనగలం?

పేరున్న లింకైతే నమ్మొచ్చు కదా అన్న వాదనా నిలవదు. అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసమే కేటాయించిన ప్రత్యేక పొట్టి లింకు ఒకటుండేది. అసలు అడ్రసు ప్రభుత్వ సైట్‌దైతేనే ఆ పొట్టి రూపంలోకి మారేది. 2012 అక్టోబర్‌లో స్పామర్లు దాన్నీ వాడుకున్నారు. కొన్ని ప్రభుత్వ సైట్లలో ఎటైనా దారి మళ్లించే లొసుగు ఉండిపోయింది. దాని ద్వారా జనాన్ని, ఇంట్లో కూర్చుని డబ్బు సంపాదించండంటూ వార్తా సైట్‌లా తయారుచేసిన నకిలీ పేజీలకు చేర్చారు. లింకు చూస్తే ప్రభుత్వానిది, చేరిన చోటు మోసగాళ్లది.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పుకోవాలి. సొంత ఫైళ్లను, ఇంటి దారి చూపే మ్యాపును పొట్టి లింకుగా మార్చి పంపేవాళ్లు 'ఇది ఎవరికీ తెలియదులే' అనుకుంటారు. అంకెలు, చిన్నా పెద్దా ఇంగ్లిష్ అక్షరాలు కలిపి 62. వాటితో ఆరు స్థానాలు నింపితే వచ్చేవి సుమారు 5,680 కోట్ల కలయికలు. మనిషికి అది అంతులేని సంఖ్య, వరసపెట్టి ప్రయత్నించే కంప్యూటర్లకు కాదు. కార్నెల్ టెక్ పరిశోధకులు 2016లో సరిగ్గా ఇదే చేసి చూపించారు. ఊహించి కొట్టిన కోడ్‌లతోనే ఎవరెవరివో ఫైళ్లున్న ఫోల్డర్లు, ఎవరెవరో వెతుక్కున్న దారులు బయటపడ్డాయి. రహస్యంగా ఉండాల్సింది ఏదైనా పొట్టి లింకులో పెట్టకపోవడమే మంచిది.

మరి నొక్కేముందు ఏం చేయాలి? చాలామంది చెప్పే చిట్కా ప్రివ్యూ. బిట్లీ లింకు చివర ప్లస్ గుర్తు చేర్చి తెరిస్తే, అది ఎక్కడికి వెళ్తుందో ముందే చూపిస్తుంది. లింకును విప్పి చూపించే సైట్లూ ఉన్నాయి. ఇవి పనికొస్తాయి, అయితే వాటినే పూర్తిగా నమ్ముకోవద్దని మా మనవి. తనిఖీ చేసే యంత్రానికి ఒక పేజీ, మనిషి ఫోన్‌కు వేరే పేజీ చూపించే విద్య మోసగాళ్లకు ఏనాడో తెలుసు. ప్రివ్యూలో కనిపించేది మొదటి మజిలీ మాత్రమే కావచ్చు కూడా.

అంతకంటే గట్టి దారి ఒకటుంది. బ్యాంకు పేరుతో మెసేజ్ వస్తే ఆ లింకును అలాగే వదిలేసి, బ్యాంకు యాప్‌ను మీరే తెరవండి. కొరియర్ పేరుతో వస్తే, కొన్న షాపు సైట్‌లోకి వెళ్లి మీ ఆర్డర్ చూసుకోండి. మెసేజ్‌లో చెప్పింది నిజమైతే అదే కబురు అక్కడా కనిపిస్తుంది. కనిపించలేదంటే తొందరపడాల్సిన పనేమీ లేదు. స్నేహితుడి నుంచి 'ఈ ఫొటోలో ఉన్నది నువ్వేనా' అంటూ లింకు వస్తే ఒక్క ఫోన్ చేసి అడగండి. అతని ఖాతాను ఎవరో వాడుకుంటున్న సంగతి చాలాసార్లు అతనికి తెలిసేది ఆ ఫోన్‌తోనే.

ఒకవేళ నొక్కేశారనుకోండి. పేజీలో ఏదైనా టైప్ చేసేముందు పైన అడ్రసును చదవండి. దాన్ని ఎడమ నుంచి కుడికి చదివితే మోసపోతాం. మొదట్లో తెలిసిన కంపెనీ పేరు పెట్టి, చివర్లో తమ పేరు దాచడం పాత ఎత్తు. అడ్రస్‌లో మొదటి ఒంటి ఏటవాలు గీత (/) దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి రండి. 'డాట్ కామ్' లాంటి తోకకు ముందు ఆనుకుని ఉన్న పేరే ఆ ఇంటి యజమానిది. దానికి ముందు డాట్‌లు పెట్టి ఎన్ని పేర్లు చేర్చినా అవి యజమాని తన ఇష్టం వచ్చినట్టు రాసుకున్నవి. తాళం గుర్తు ఉంది కదా అని ధీమా పడొద్దు. ఆ తాళం చెప్పేది మీకూ ఆ సైట్‌కూ మధ్య మాటలు ఎవరూ వినడం లేదని మాత్రమే. అవతల ఉన్నది దొంగా దొరా అన్నది అది చెప్పదు. జనం దీన్ని అపార్థం చేసుకుంటున్నారనే 2023లో క్రోమ్ బ్రౌజర్ ఆ తాళం బొమ్మను తీసేసింది.

పాస్‌వర్డ్‌లను గుర్తుపెట్టుకునే యాప్, అంటే పాస్‌వర్డ్ మేనేజర్ వాడేవాళ్లకు ఇంకో రక్షణ ఉంది. అది పేజీ అందాన్ని చూడదు, అడ్రసునే చూస్తుంది. రోజూ తనంతట తాను నింపే పాస్‌వర్డ్‌ను ఈరోజు నింపకుండా మౌనంగా ఉందంటే, చేత్తో టైప్ చేయబోయే ముందు ఆగాలి. చాలామంది అక్కడే 'యాప్ పనిచేయడం లేదు' అనుకుని స్వయంగా కొట్టేస్తారు. లింకు ఏదైనా యాప్ ఇన్‌స్టాల్ చేసుకోమని అడిగితే ఆలోచించే పనే లేదు, మూసేయండి.

ఇదంతా నొక్కేవాళ్లకు చెప్పింది. మేము అసలు అడగదలచుకున్నది పంపేవాళ్లను. 'తెలియని లింకులు నొక్కకండి' అని సోమవారం మెసేజ్ పెట్టే బ్యాంకే బుధవారం ఆఫర్ పేరుతో పొట్టి లింకు పంపుతుంది. కరెంటు బిల్లుకు పొట్టి లింకు, ఆస్పత్రి రిపోర్టుకు పొట్టి లింకు, స్కూలు ఫీజుకు పొట్టి లింకు. అసలుదీ నకిలీదీ ఒకేలా కనిపిస్తుంటే జాగ్రత్తగా ఉండండని చెప్పడంలో అర్థమేముంది? ఇన్నేళ్లుగా నిజమైన సంస్థలే జనానికి అలవాటు చేసిన వేలి కదలిక మీద మోసగాళ్లు బతుకుతున్నారు. డబ్బుతో, ఆరోగ్యంతో, గుర్తింపుతో ముడిపడిన ఏ మెసేజ్‌లోనైనా సంస్థ సొంత పేరుతో ఉన్న పూర్తి అడ్రసే ఉండాలి. పొట్టిగా ఉండక తప్పదంటే ఆ పొట్టి అడ్రసు కూడా సొంత పేరుతోనే ఉండాలి. అసలు లింకే లేకుండా 'మా యాప్ తెరిచి చూడండి' అంటే ఇంకా మేలు. ఎంతమంది నొక్కారన్న లెక్క కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి. వార్తలు పంచే మా లాంటి పత్రికలూ ఇందుకు మినహాయింపు కాదు.

ఈ పద్ధతి మారడానికి ఎంత కాలం పడుతుందో, ఈలోపు ఎన్ని ఇళ్లలో ఎవరి మొహం పాలిపోతుందో. అందుకే నొక్కేసినవాళ్ల గురించి ఒక మాట. లింకు తెరుచుకున్నంత మాత్రాన సాధారణంగా అంతా పోదు, అసలు నష్టం జరిగేది మనం ఏదో టైప్ చేసినప్పుడు లేదా ఏదో ఇన్‌స్టాల్ చేసినప్పుడు. పాస్‌వర్డ్ ఇచ్చేసి ఉంటే వెంటనే మార్చాలి, అదే పాస్‌వర్డ్ ఎక్కడెక్కడ వాడారో అక్కడా మార్చాలి, మిగతా ఫోన్లు, కంప్యూటర్లలో ఖాతా లాగవుట్ చేయాలి. కార్డు నంబరో ఓటీపీయో చెప్పి ఉంటే కార్డు వెనక ముద్రించిన నంబరుకు ఫోన్ చేయాలి, మెసేజ్‌లో ఇచ్చిన నంబరుకు కాదు. ఇవన్నీ మొదటి కొద్ది నిమిషాల్లో చేస్తే ఫలితం ఎక్కువ. ఆ నిమిషాలు చాలా ఇళ్లలో సిగ్గుతో గడిచిపోతున్నాయి. అమ్మో నాన్నో తాము చేసింది తప్పని తెలిశాక, పిల్లలు కసురుకుంటారని రాత్రంతా చెప్పకుండా టెన్షన్ పడుతూ కూర్చుంటారు. పొద్దున చెప్పేసరికి ఖాతా ఖాళీ అయిపోయి ఉంటుంది. ఇంట్లో ఎవరైనా 'ఏదో లింకు నొక్కానురా' అని భయపడుతూ వస్తే, ఎందుకు నొక్కావని అడగకండి. పక్కన కూర్చుని, అందులో ఏమేం టైప్ చేశారో అడిగి, కార్డు తీసుకుని దాని వెనక ఉన్న నంబరుకు ఫోన్ కలపండి.