డ్రాఫ్ట్‌లో పేరొస్తే కోట్లేనా?

మా తిరుపతి పేరెంట్స్ గ్రూపుల్లో ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. "అబ్బాయి పొడుగ్గా ఉన్నాడా? బాస్కెట్‌బాల్‌లో వేయండి. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో పేరొస్తే చాలు, 140 కోట్ల జనం కోసం బ్రాండ్లు క్యూ కడతాయి. యావో మింగ్‌ని చూడండి. అమెరికా కాలేజీలో సీటొచ్చినా చదువుకుంటూనే కోట్లు." నిన్న యూనివర్సిటీ కోర్టు దగ్గర ఒక తండ్రి ఆ ఫోన్ నా ముఖానికి ఆనించినంత పని చేశాడు. "నిజమేనా సార్ ఇది?" పక్కనే వాళ్లబ్బాయి ఊడిన బూటు సోలుకి ఫెవిక్విక్ రాస్తున్నాడు.

ఎన్‌బీఏ అంటే అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్. అందులోని జట్లు ఏటా కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకోవడమే డ్రాఫ్ట్, ఒక్కో ఎంపిక ఒక్కో పిక్. అందులో మన పేరు ఎప్పుడో వచ్చింది. 2015లో డల్లాస్ మావెరిక్స్ జట్టు పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్‌ని 52వ పిక్‌గా తీసుకుంది. ఏడడుగుల రెండంగుళాల మనిషి. ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, తర్వాత ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లోకి వెళ్లిపోయాడు. మన కోట్ల జనం అప్పుడూ ఉన్నారు. అతని పేరున్న బూట్లు మీరెవరైనా కొన్నారా?

చైనా ఆటగాడు యావో మింగ్ సంగతి వేరు. 2002లో హ్యూస్టన్ జట్టు మొదటి పిక్‌గా తీసుకునేనాటికే షాంఘై జట్టుని చైనా లీగ్‌లో చాంపియన్ చేసి వచ్చాడు. టికెట్ కొని ఆట చూసే జనం అక్కడ ముందే ఉన్నారు. ఎన్‌బీఏ మేటి ఆటగాళ్ల ఆల్‌స్టార్ మ్యాచ్‌కి ఎనిమిదిసార్లు ఎంపికయ్యాడు. పెప్సీ, రీబాక్ అలా వచ్చాయి.

డబ్బు మాత్రం అబద్ధం కాదు. 2003లో అమెరికా కుర్రాడు లెబ్రాన్ జేమ్స్ ఎన్‌బీఏలో అడుగుపెట్టకముందే నైకీతో దాదాపు 9 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. కానీ అతని హైస్కూల్ మ్యాచ్‌లు దేశమంతా టీవీలో చూసింది. మన పిల్లల స్టేట్ ఫైనల్‌కి వచ్చేది తల్లిదండ్రులు, రెండు కుక్కలు.

ఇక కాలేజీ కోట్లు. 2021 జూలై నుంచి అక్కడి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, ఫొటోల మీద సంపాదించుకోవచ్చు, నిజమే. మనవాడు వెళ్లేది మాత్రం ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద. దాని పని నిబంధనలు తెలియని ఇల్లు మన దగ్గర ఉందా? అక్కడ యాడ్ షూటింగ్ చేసి డబ్బు పుచ్చుకుంటే వీసాకే ఎసరు. మెసేజ్ రాసినాయన ఆ ముక్క మింగేశాడు.

ఇదంతా విని ఆ తండ్రి కాసేపు ఆగి, "పోనీ, స్పోర్ట్స్ కోటా ఉద్యోగమన్నా వస్తుందా సార్?" అన్నాడు. రైల్వేలో తీసుకుంటారని చెప్పాను. అయితే ముందు వాడి ఎడమచేతి డ్రిబ్లింగ్ బాగుపడాలి.