అటక దిగివచ్చిన మానిటర్ దొరగారికి

మహారాజశ్రీ పాత కంప్యూటర్ మానిటర్ దొరగారి సముఖమునకు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అనాలి గానీ, కుశలంగా ఉన్నది మీరొక్కరే. 2002లో మా ఇంట కాలుపెట్టి, పదేళ్ళు పైగా అటక మీద పాత దుప్పటి కప్పుకుని పడుకుని, మొన్న దసరా దులుపుళ్ళలో కిందికి దిగారు. ప్లగ్గు పెట్టగానే 'టంగ్' మని మోగి పచ్చదీపం వెలిగించారు. మీ అద్దం దగ్గరికి చెయ్యి తీసుకెళ్తే వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. లోపలి దుమ్ము కాగి, కమ్మగా మాడువాసన కూడా వేసింది. మీరు బాగానే ఉన్నారు. మిమ్మల్ని దించడానికి సాయం పట్టిన మా బావమరిదే బాగాలేడు. నిచ్చెన నాలుగో మెట్టు దగ్గర 15 కిలోల మీ వెనకబొజ్జ అతని వైపు ఒరిగింది. ఇప్పటికీ నన్ను చూస్తే నడుం పట్టుకుంటాడు.

ఇంత శ్రమ ఎందుకంటారా? హాల్లో టీవీ పిల్లలది. అమ్మకేమో 2003లో జరిగిన మా అక్క పెళ్ళి సీడీలు తన గదిలో, తీరిగ్గా చూసుకోవాలని కోరిక. మూడు సీడీలున్నాయి, పాత డీవీడీ ప్లేయర్ ఉంది. "చిన్న టీవీ ఒకటి కొనేద్దామండీ" అంది మా ఆవిడ. "బంగారంలాంటి మానిటర్‌ని ఇంట్లో పెట్టుకుని టీవీ ఎందుకు, దండగ!" అన్నాను నేను. ఈ ఇంట్లో మీ గురించి ఒక మంచి మాట అన్నవాణ్ణి నేనొక్కణ్ణే. దానికి మీరు చేసిన మర్యాద గురించే ఈ లేఖ.

మీ తోక చివర నీలం రంగు మూతి, అందులో వరసకు అయిదు చొప్పున మూడు వరసల్లో 15 పిన్నులు. ప్లేయరు వెనక చూస్తే పసుపు, ఎరుపు, తెలుపు బెజ్జాలు మూడే మూడు. హైదరాబాదు కోఠీలో ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే గుజరాతీ గల్లీకి వెళ్ళాను. ఒక షాపులో కుర్రాడు తీగ ఒకటి చేతిలో పెట్టాడు. ఒక పక్క మీ పిన్నులకు సరిపోయే బెజ్జాలు, రెండో పక్క ఎరుపు, పచ్చ, నీలం జాక్కులు. "పెట్టండి సార్, వస్తది" అన్నాడు. ఇంటికొచ్చి పెట్టాను. ఎరుపుకు ఎరుపు కుదిరింది. పచ్చను పసుపుకూ, నీలాన్ని తెలుపుకూ ఇచ్చి వర్ణాంతర వివాహాలు జరిపించాను. అమ్మ కళ్ళజోడు తుడుచుకుని మంచం మీద సర్దుకుంది.

"నో సిగ్నల్" అన్నారు తమరు. ఆ మాట తెర మీద చిన్న పెట్టెలో నిలబడి, అటూ ఇటూ పచార్లు చేసింది. "చెక్ సిగ్నల్ కేబుల్" అని తప్పు తీగ మీదికి తోసేశారు. తర్వాత తెర నల్లబడింది. పచ్చదీపం కాస్తా కాషాయానికి మారింది. పెళ్ళి చూడమని పిలిస్తే సన్యాసం పుచ్చుకున్నది లోకంలో మీరొక్కరే అయ్యుంటారు.

"అసలు పెళ్ళి మొదలవలేదేంట్రా?" అంది అమ్మ.

మీ భేషజం లెక్క ఏమిటో ఓ ముసలి మెకానిక్ చెబితే తెలిసింది. మీది 1987లో ఐబీఎం పీఎస్/2 కంప్యూటర్లతో పుట్టిన వీజీఏ అనే కంప్యూటర్ తెరల గోత్రం. మా ప్లేయరు టీవీల కోసం పుట్టింది. దానిది మన పాత టీవీల పాల్ పద్ధతి. బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. గుణిస్తే సెకనుకు 15,625 గీతలు. అవీ వరసగా రావు, ముందు బేసి గీతలు, ఆ తర్వాత సరి గీతలు. మీకేమో కింది పక్షం సెకనుకు 31 వేల పైచిలుకు గీతలు వస్తేనే ఆనుతుంది. సగం వేగంతో వచ్చినవాణ్ణి మనిషి కింద లెక్కకట్టరు.

పోనీ అంతటితో సరా? ప్లేయరు వెలుగూ, రంగూ, లయ చూసుకునే తాళమూ అన్నీ పులిహోర కలిపినట్టు కలిపేసి ఒక్క పసుపు తీగలో పంపుతుంది. మామూలు టీవీ ఆ పులిహోర మారుమాట్లాడకుండా తింటుంది. మీకు మాత్రం ఎరుపు వేరే, పచ్చ వేరే, నీలం వేరే కావాలి. గీత మొదలుపెట్టమని చెప్పే తాళం ఒకటి, బొమ్మ మొదలుపెట్టమని చెప్పే తాళం ఇంకొకటి. అయిదు గిన్నెల్లో వడ్డిస్తే గానీ ముద్ద దిగదు. సరే, ఎవరి అలవాటు వారిది. కానీ "ఇది నాకు చేతకాదు" అనొచ్చుగా! సిగ్నల్ వచ్చి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంటే, సిగ్నలే లేదంటారా? అర్జీ చేతికిచ్చినవాణ్ణి ఎదురుగా నిలబెట్టుకుని "మీ అర్జీ రాలేదండీ" అన్న గుమాస్తాను ఇదివరకొకసారి చూశాను. ఆయన రిటైరయ్యాడు.

తీగ తప్పు కూడా ఏమీ లేదట. రంగుల్ని విడివిడిగా పంపే ప్లేయర్లకూ, వాటిని వీజీఏ బెజ్జంలోంచి తీసుకునే కొన్ని ప్రొజెక్టర్లకూ మధ్య వేయడానికి చేసిన తీగ అది. అవతలివాడి భాష మార్చి చెప్పే తెలివి దానికి లేదు, ఉత్త రాగి. రెండోసారి తెచ్చిన డబ్బీకి హెచ్‌డీఎంఐ మూతి ఉంది, మా ప్లేయరుకు ఆ బెజ్జమే లేదు. దాని సంగతి మా ఇంట్లో ఇప్పుడెవరూ ఎత్తడం లేదు, నేను కూడా ఎత్తను.

"దొరగారికి దుబాసీ కావాలి సార్" అని ఆ మెకానిక్కే సొరుగులోంచి పాత టీవీ ట్యూనర్ బాక్స్ తీసిచ్చాడు. అరచేయంత పెట్టె. ఒకప్పుడు గదిలో టీవీ లేక, కేబుల్ వైరు దానికి గుచ్చి కంప్యూటర్ మానిటర్ మీద క్రికెట్ చూసినవాళ్ళకు ఈ పెట్టె బాగా తెలుసు. అది ప్లేయరు పంపిన గీతల్ని తనలో దాచుకుని, మీ వేగానికి పరిగెత్తించి, అయిదు గిన్నెల్లో సర్ది మీ ముందు పెడుతుంది. సెకండ్‌హ్యాండ్‌దే 600 పుచ్చుకున్నాడు. మొత్తం ఎంతయిందో మా ఆవిడ క్యాలెండర్ వెనక రాసిపెట్టింది.

ఈసారి కరుణించారు. కాకపోతే దుబాసీ ఎన్‌టీఎస్‌సీ అనే అమెరికా టీవీ పద్ధతి మీద ఉండిపోవడంతో బొమ్మ రంగు పోయి గిరగిరా పైకి దొర్లింది. అక్క పెళ్ళి మా తాతయ్య పెళ్ళిలా నలుపు తెలుపులో జరిగింది. మెనూలో పాల్ నొక్కాక పట్టుచీరకు రంగొచ్చింది. అప్పుడు మొదలైంది మీ రెండో గుణం. వీడియో సీడీ బొమ్మ అంటే అడ్డం 352, నిలువు 288 చుక్కలు, అంతే. ఆ రోజుల్లో మెత్తని టీవీ తెర మీద అది నిండుగా కనబడేది. మీరు చూపుపదును వారు కదా, ఉన్నది ఉన్నట్టు బయటపెట్టారు. బాబాయి మీసం మెట్లు మెట్లుగా తేలింది. తలంబ్రాలు మరమరాలంత అయ్యాయి. వీడియోవాడు ముచ్చటపడి పెట్టిన ఎఫెక్టులో అక్క తామరపువ్వులోంచి లేస్తుందా, రేకులు ఇటుకలు పేర్చినట్టున్నాయి. బావగారి మొహం ఉన్న గుండె ఆకారం ఆరు పలకలుగా విడిపోయింది. ఇంతచేసీ మీరేమన్నా పెద్దవారా? బిల్లు మీద 17 అంగుళాలు, కంటికి కనబడేది 16.

"బొమ్మ బానే ఉంది గానీ, మేళమేదిరా?" అంది అమ్మ.

అవును, మీకు నోరు లేదుగా! స్పీకర్ల కోసం మళ్ళీ అటకెక్కాను. పైనుంచి వింటుంటే కింద అమ్మ మనవరాలికి చెబుతోంది: "ఇదిగో, ఈ మూలన నిలబడిందే, మీ నాన్న పెద్దత్త. గుత్తివంకాయ తన బంతికి అందలేదని అలిగింది. వెనకాల నీలం చొక్కా చూశావా, వాడు మన చుట్టమే కాదు, మూడు పూటలా తిన్నాడు." నేను దిగి, స్పీకర్ల తీగను దుబాసీకి గుచ్చి, బాజాభజంత్రీలు మోగించేసరికి అమ్మ చెయ్యెత్తింది.

"ఆపరా ఆ గోల! దానికి చెప్పేది వినపడట్లేదు."

ఇట్లు,
తమ విధేయుడు,
నిచ్చెన ఇంకా ఎదురింటివాళ్ళకు తిరిగివ్వనివాడు

తా.క.: దుబాసీ అడాప్టర్ పిన్ను వదులు. రబ్బరుబ్యాండు వేసి కట్టాను. మూడో సీడీలో అప్పగింతలున్నాయి. సరిగ్గా అక్కడ అది జారితే, నేను లేచి వచ్చేలోగా కాషాయం కట్టేయకండి.