తెల్లోడి వంతెన, మనోడి వంతెన

2021 నవంబరు వానల్ని కడప జిల్లాలో ఎవరూ మర్చిపోలేదు. 19వ తేదీన చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. నందలూరు, రాజంపేట మధ్య రైలుకట్ట కోసుకుపోయింది. ఒకటి రెండు రోజులకే కమలాపురం దగ్గర పాపాఘ్ని మీది రోడ్డు వంతెన కూలింది. అప్పటినుంచి మా ఇంట్లో, తెల్లోడు కట్టిన వంతెన గట్టిదా, మనోడు కట్టింది గట్టిదా అని ఒక తగాదా నడుస్తోంది.

మా నాన్న నందలూరు లోకోషెడ్డులో ఫైర్‌మన్‌గా చేశాడు. మా బావ, అంటే నాన్న మేనల్లుడు, కల్వర్టుల కాంట్రాక్టరు. మొన్న పండక్కి మామా అల్లుళ్ళిద్దరినీ ఎదురెదురుగా కూచోబెట్టి, ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు అడ్డం రాకూడదని షరతు పెట్టాను. షరతు రెండు నిమిషాలు నిలబడింది.

మామ: నాది ఒక్కటే మాట. తెల్లోడు కట్టింది నిలబడింది, మీరు కట్టింది పడింది. 1871 నాటికే మద్రాసు రైల్వే వాళ్ళ పట్టాలు రాయచూరు చేరి, బొంబాయి నుంచి వచ్చే జీఐపీ, అంటే గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే లైనుతో కలిశాయి. దారిలో ఎన్ని ఏర్లు! చెయ్యేరు, పాపాఘ్ని, చిత్రావతి. అప్పుడు సిమెంటు మిక్సర్లు లేవు, జేసీబీలు లేవు. నూటయాభై ఏళ్ళుగా మెయిళ్ళు పోతానే ఉన్నాయి.

అల్లుడు: పోతానే ఉన్నాయా? 1902 సెప్టెంబరులో మంగపట్నం దగ్గర ఏమైంది మామా?

(నాన్న కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మంగపట్నం ముద్దనూరు, కొండాపురం మధ్య చిన్న స్టేషను. ఆ కథ ఆయనకు తెలుసు. రైల్వేలో పనిచేసిన పాతవాళ్ళెవరికైనా తెలుసు.)

మామ: అది వరద.

అల్లుడు: పాపాఘ్నిది మాత్రం వరద కాదా? మంగపట్నంలో వంతెన కొట్టుకుపోయింది. మెయిలు వచ్చి ఆ గండిలో పడింది. 70 మంది దాకా పోయారు. తెల్లోడి కంపెనీ, తెల్లోడి ఇంజనీరు, తెల్లోడి ఇనుము. నిలబడినవి మన కళ్ళముందు ఉంటాయి కాబట్టి అన్నీ నిలబడ్డాయనుకుంటాం. పడిపోయిన వంతెనను ఎవరు తలుచుకుంటారు? అంతెందుకు, వాళ్ళ స్కాట్లాండులోనే 1879లో టే నది మీది వంతెన గాలివానకు రైలుతో సహా కూలింది.

మామ: స్కాట్లాండు వదిలెయ్. మన వాగు సంగతి చెప్పు. ఎందుకు లెక్క తప్పింది వాళ్ళకు?

అల్లుడు: మన సీమ వాగును చూసి మోసపోయినారు. పది నెలలు అందులో ఇసుక, గొర్రెలు. ఎంత నీళ్ళొస్తాయో కొలవడానికి ఏళ్ళ తరబడి రాసిన లెక్కలు లేవు. పైన గొలుసు చెరువులు. ఒక్క కట్ట తెగితే కింది చెరువు మీద పడుతుంది, అది తెగితే దాని కింది దాని మీద. వాన లెక్క వేసి వంతెనకు నీళ్ళు పోయే కానాలు పెడితే, వచ్చేది వాన కాదు, నాలుగు చెరువుల నీళ్ళు ఒక్కసారిగా. నేను కల్వర్టు కట్టేటప్పుడు మా ఇంజనీరు కూడా ఇదే తప్పు చేస్తాడు.

మామ: ఒప్పుకున్నావు చూడు, మీరూ అదే తప్పు చేస్తారని!

(ఇక్కడ బావ కాసేపు ఇరుక్కున్నాడు. నేను కాఫీ ఇచ్చాను.)

అల్లుడు: సరే, కట్టిందెవరో చెప్పు. ఏట్లో పునాది అంటే ఇటుకల బావి కట్టి, లోపల ఇసుక తోడుకుంటూ దాన్ని కిందికి దించడం. ఆ విద్య ఇంగ్లండు నుంచి ఓడలో రాలేదు. గర్డర్లు, అంటే ఇనుప దూలాలు వచ్చాయి ఓడలో. బావులు దించడం మనవాళ్ళు ఏనాటి నుంచో చేస్తున్న పని. రాయి కొట్టింది ఒడ్డెర్లు. సున్నం ఎద్దు గానుగలో నూరింది. ఇంకో మాట, ఆ కంపెనీ వాటాదార్లకు ఏటా 5 శాతం తప్పనిసరి అని సర్కారు హామీ. లైను నష్టపోయినా ఆ 5 శాతం మన పన్నుల్లోంచే. గట్టిగా కట్టడానికి వాళ్ళ జేబులోంచి ఏం పోయింది?

మామ: ఎవరి డబ్బయితేనేం, తినేయకుండా కట్టినారు కదా.

(బావ మొహం ఎర్రబడింది. ఆ దెబ్బ కాంట్రాక్టరుకు తగలాల్సిన చోటే తగిలింది.)

అల్లుడు: నువ్వు బొగ్గు వేసిన ఇంజనేది?

మామ: డబ్ల్యూపీ, డబ్ల్యూజీ రెండూ. వెనక బొగ్గూ నీళ్ళూ మోసే టెండరుతో కలిపి దాదాపు 170 టన్నులు.

అల్లుడు: 1870 నాటి ఇంజన్లు అందులో సగం కూడా తూగేవి కావు. అప్పటి గర్డరు మీద నీ ఇంజను నిలిచేదా?

మామ: బరువొక్కటే కాదబ్బీ. పెద్ద చక్రానికి ఒక పక్క దిమ్మ ఉంటుంది, కడ్డీల బరువుకు సరితూగేదానికి. స్పీడులో ఆ దిమ్మ చుట్టు చుట్టుకూ పట్టాను సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. డీజిలుకు ఆ బాధ లేదు. అందుకే 1926లో మెయిన్‌లైను వంతెనలు ఎంత మోయాలో కొత్త లెక్క పెట్టి, చాలని గర్డర్లు మార్చుకుంటా వచ్చినారు. మార్చే వరకు అక్కడ బండి మెల్లగా నడపాల్సిందే.

అల్లుడు: నేను చెప్పేదీ అదే కదా! మార్చినారు, అతుకులేసినారు, మళ్ళీ కట్టినారు. నువ్వు మొక్కే వంతెనలో 1871 నాటిది ఎంత మిగిలిందని?

మామ: మార్చినారు కదా! మీ రోడ్డు వంతెనను పుట్టినరోజు తర్వాత ఎవరైనా చూసినారా? మాకు వానాకాలమొస్తే రాత్రుళ్ళు కట్ట వెంబడి మనిషి నడిచేవాడు. చేతిలో లాంతరు, సంచిలో బండి ఆపమని డ్రైవరుకు తెలిసేలా పట్టా మీద పెట్టే టపాకాయలు. వంతెన పిల్లరు మీద గీత ఉంటుంది, నీళ్ళు దాన్ని తాకితే బండి ఆపాల్సిందే. చెయ్యేరు పొంగినప్పుడు ఎన్నిసార్లు దాటినానో. డ్రైవరు ఒక చెయ్యి ఆవిరి వదిలే రెగ్యులేటరు మీద పెట్టి, తల బయట పెట్టుకొని చూసేవాడు. నేను పార ఆపేవాణ్ణి. కింద నీళ్ళ చప్పుడు ఇంజను చప్పుడును మించిపోయేది. అవతల పచ్చలైటు ఊగితేనే మేము కదిలేది.

(ఇంతసేపూ తెల్లోడు, తెల్లోడు అన్న మనిషి నోట ఇప్పుడు తెల్లోడు లేడని నేను గమనించాను. బావ కూడా గమనించాడు.)

అల్లుడు: ఆ లైటు ఊపింది ఏ దొర మామా?

మామ: దొర ఎందుకుంటాడు వానలో? మన చుట్టుపక్కల ఊరి గ్యాంగ్‌మన్.

అల్లుడు: పేరు?

మామ: ఎవరికి తెలుసు. ఇంజను మీద నుంచి లైటే కనపడేది.