ఫ్యాను కింద హైఫై: ఈ అప్‌గ్రేడ్ పిచ్చికి అంతెక్కడ?

ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో ఫ్యాను ఆపి పాటలు వినేవాళ్లు ఉంటారని నేననుకోను. సీలింగ్ ఫ్యాను ఐదో నంబరు మీద తిరుగుతుంటుంది, చాలా ఇళ్లలో దానికి తోడు కిటికీలో కూలర్. రెండూ కలిసి గదిలో 50 డెసిబెల్స్‌కు అటూఇటూగా రొద చేస్తుంటాయి. సరిగ్గా అలాంటి గదిలోనే కూర్చుని నాకు తెలిసిన కొందరు మిత్రులు సీడీ క్వాలిటీ చాలట్లేదు, 24 బిట్ డాక్ (డిజిటల్ పాటను యాంప్లిఫయర్‌కు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టె) తెప్పించాలి అంటుంటారు. 16 బిట్ సీడీలో అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య దూరం దాదాపు 96 డెసిబెల్స్, బిట్లు పెరిగితే పెరిగేది ఈ దూరమే. అదంతా ఫ్యాను రొద పైకి తేలి వినపడాలంటే పాట 146 డెసిబెల్స్ దాకా మోగాలి, 120 దాటితేనే చెవులు నొప్పి పెడతాయి. అంటే చేతిలో ఉన్న సీడీ ఇచ్చేదాన్నే పూర్తిగా వాడుకునే వీలు మనకు లేదు, అయినా అంతకంటే పెద్దదానికి డబ్బు కడుతున్నాం.

పోనీ వీళ్లు అమాయకులా అంటే కాదు. గ్రాఫులు చదవగలరు, ఓమ్‌లూ వాట్లూ తెలుసు. అయినా రెండేళ్లు తిరక్కుండానే యాంప్ (యాంప్లిఫయర్) మారుతుంది, యాంప్ మారాక స్పీకర్లు తేలిపోతున్నాయనిపిస్తుంది, స్పీకర్లు కూడా మార్చాక డాక్ మీద అనుమానం, అన్నీ అయిపోయాక ఇక మిగిలింది కేబుల్. దీనికోసం ఒకసారి హైదరాబాద్ కోఠీకి, ఇంకోసారి బెంగళూరు ఎస్పీ రోడ్డుకు బస్సెక్కుతారు. ఈ పరుగు చెవిలో మొదలైంది కాదని నా అభిప్రాయం. కొత్త పెట్టె కొన్నాక మనకు వినిపించే మార్పులో ఎక్కువ భాగం ఆ పెట్టెది కాదు, దాని ముందు మనం ఒళ్లు దగ్గర పెట్టుకుని కూర్చున్న గంటది.

అయితే ఈ ఆశ ఊరికే పుట్టలేదు, ముఖ్యంగా మన వైపు. మీడియం వేవ్‌లో ఒక స్టేషన్‌కూ ఇంకో స్టేషన్‌కూ ఎడం 9 కిలోహెర్ట్జ్ మాత్రమే కాబట్టి, నాలుగున్నర ఐదు కిలోహెర్ట్జ్ పైన ఉన్న సన్నటి శబ్దమేదీ దాదాపుగా మనదాకా రాదు. ఆకాశవాణి కడప కేంద్రం పాటలు అలా విని పెరిగిన తరం ఇళ్లలోకి ఒకరోజు కువైట్ నుంచి రేడియో, టేపు కలిసిన టూ ఇన్ వన్ దిగింది. రాజంపేట, రాయచోటి వైపు ఏ మేనమామో కువైట్ పోయొచ్చాడంటే పెట్టెలో సెంటు సీసాలతో పాటు టేప్ రికార్డర్ ఉండాల్సిందే. అందులో క్యాసెట్ వేస్తే అంతకుముందు రేడియోలో వినపడని తాళాలు, గజ్జెలు వినపడ్డాయి. ఆ తర్వాత రిపేరు షాపులో 4440 అనే ఐసీ చిప్ పెట్టి కట్టిచ్చిన యాంప్లిఫయర్, దానికి కుండ మూతి మీద బోర్లించిన స్పీకర్. (కుండ బేస్‌ను ఎవరూ ఎగతాళి చేయొద్దు. లోపల బంధించిన గాలితో కింది స్వరాలకు బలం తేవడమనేది ఇవాళ లక్షలు పోసే స్పీకర్ బాక్సులు కూడా చేసే పనే.) 1982లో సోనీ, ఫిలిప్స్ తెచ్చిన సీడీ మన ఊళ్లకు నింపాదిగా చేరింది, టేపు బుస్సుమనే శబ్దాన్ని ఒక్క దెబ్బతో తీసేసింది. ఈ మెట్లలో ఒక్కోటీ ఎంత పెద్దదంటే వంటింట్లో ఉన్నవాళ్లకు కూడా తేడా తెలిసేది, ఎవరూ కళ్లు మూసుకుని పోల్చి చూడాల్సిన అవసరం రాలేదు. కొత్తది కొంటే బాగుంటుందనే నమ్మకం మనకు అలా అనుభవం మీద ఏర్పడింది, అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే మెట్లు అయిపోయాయి, నమ్మకం మాత్రం అలాగే ఉండిపోయింది.

మెట్లు అయిపోయాయని ఎందుకంటున్నానంటే, సీడీ సెకనుకు 44,100 సార్లు కొలిచి శబ్దాన్ని రాసుకుంటుంది, దాంతో 22 కిలోహెర్ట్జ్ దాకా పట్టుకుంటుంది. మనిషి చెవి చిన్నతనంలో మహా అయితే 20 దాకా వింటుంది. 2007లో అమెరికాలో మేయర్, మోరాన్ అనే ఇద్దరు, మామూలు సీడీ కంటే ఎక్కువ వివరం పట్టే ఖరీదైన సూపర్ ఆడియో సీడీ శబ్దాన్ని ఒకసారి నేరుగా, ఒకసారి మామూలు సీడీ స్థాయికి దించి వినిపించి, ఏది ఏదో చెప్పమన్నారు. 554 సార్లలో 276 సార్లు సరిగ్గా చెప్పారు. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. ఆ పరీక్షకు వంకలు పెట్టినవాళ్లూ ఉన్నారు, వాడిన డిస్కుల్లో కొన్నింటి అసలు రికార్డింగే అంత గొప్పది కాదని, అది న్యాయమైన అభ్యంతరమే. 2016లో జాషువా రీస్ అనే ఆడియో పరిశోధకుడు అలాంటి పాత పరీక్షలను కలిపి లెక్క కడితే సరైన జవాబులు 52 శాతం పైచిలుకు తేలాయి, శిక్షణ ఉన్న శ్రోతల్లో అంతకంటే ఎక్కువ. కాబట్టి తేడా సున్నా అని నేననను. కానీ ప్రశాంతమైన గదిలో, చెవులు రిక్కించి కూర్చున్నవాళ్లకు దొరికిన ఆ రెండు శాతం కోసం మన కూలరున్న గదిలో ఎంత ఖర్చు పెట్టొచ్చో మీరే ఆలోచించండి.

మరి కొత్త యాంప్ పెట్టగానే అందరికీ అంత తేడా ఎలా వినిపిస్తోంది? ఒట్టేసి చెప్తారు కూడా, తెర తొలగినట్టుందని. వాళ్లు అబద్ధం ఆడట్లేదు, నిజంగానే వినిపిస్తుంది. మొదటి కారణం వాల్యూమ్. ఒక యాంప్ ఇంకోదానికంటే అర డెసిబెల్, ఒక డెసిబెల్ ఎక్కువ మోగితే మన చెవికి అది గట్టిగా మోగినట్టు అనిపించదు, 'బాగుంది' అనిపిస్తుంది. షాపువాడు ఖరీదైన మోడల్‌ను కాస్త పెంచి వినిపించాడంటే మీ పని అయిపోయినట్టే. రెండోది జ్ఞాపకం. శబ్దంలోని చిన్న వివరాలు మనసులో ఉండేది కొన్ని సెకన్లే. వెనక వైర్లు పీకి కొత్త కేబుల్ పెట్టడానికి ఐదు నిమిషాలు పడుతుంది, ఆ తర్వాత మనం దేనితో పోల్చుతున్నట్టు? మూడోది కళ్లు. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఆడియో పరిశోధకులు 1994లో ప్రచురించిన ప్రయోగంలో అవే స్పీకర్లను ఒకసారి తెర వెనక పెట్టి, ఒకసారి ఎదురుగా పెట్టి వినిపించారు. విన్నది హర్మన్ అనే ఆడియో కంపెనీ ఉద్యోగులే. ఎదురుగా కనపడేసరికి పెద్దవాటికి, చూడ్డానికి దిట్టంగా ఉన్నవాటికి మార్కులు పెరిగాయి, చిన్నవాటికి తగ్గాయి. రోజూ స్పీకర్లతోనే బతికేవాళ్ల సంగతే అది.

ఇక నాలుగోది, నా లెక్కలో అన్నిటికంటే పెద్దది. కొత్త యాంప్ ఇంటికొచ్చిన ఆదివారం ఏం జరుగుతుందో గమనించండి. ఫోను పక్కన పెడతారు, తలుపు వేస్తారు, పిల్లల్ని అరవొద్దంటారు. ఇరవై ఏళ్లుగా వింటున్న పాటను మొదటిసారి విన్నట్టు వింటారు. రెండో చరణం వెనకాల వయొలిన్లున్నాయని, పల్లవి ఎత్తుకునే ముందు గాయని గాలి పీల్చుకుందని అప్పుడు పట్టుకుంటారు. "చూశావా, ఇది పాతదాంట్లో లేదు" అంటారు. ఉంది. పాత యాంప్ మళ్లీ తగిలించి వింటే ఆ వయొలిన్లు అందులోనూ వినిపిస్తాయి, ఎందుకంటే ఎక్కడ వినాలో ఇప్పుడు తెలిసిపోయింది. కానీ అప్పటికే దాన్ని ఎవరికో అమ్మేసి ఉంటారు కాబట్టి ఆ పరీక్ష ఎన్నటికీ జరగదు! నెల తిరిగేసరికి పాట ఒక పక్క మోగుతుంటుంది, మనం వాట్సాప్ చూసుకుంటూ ఉంటాం, పాట మామూలుగా అనిపిస్తుంది. అప్పుడు మళ్లీ అనుమానం యాంప్ మీదికే పోతుంది. వినడానికి టైమ్ కావాలంటే ఇంట్లో ఎవరూ ఇవ్వరు, కొత్త వస్తువు వచ్చిందంటే మాత్రం ఒక పూట మాఫీ.

నమ్మకం లేకపోతే పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. రెండు యాంపుల శబ్దాన్నీ మీటరుతో సమానం చేసి, ఒక మిత్రుణ్ని నాణెం ఎగరేసి మారుస్తూ ఉండమనండి, మీకు కనపడకుండా. పది సార్లలో తొమ్మిది సరిగ్గా చెప్పారా, ఊరికే గుడ్డిగా చెప్తే అలా కుదరడం నూటికి ఒక్కసారి, కాబట్టి మీరు నిజంగానే విన్నారు, వెళ్లి కొనుక్కోండి. ఐదో ఆరో వచ్చాయా, ఆ డబ్బు మిగిలినట్టే.

అసలు సమస్య గది. కర్నూలు, కడప, అనంతపురం ఇళ్లలో కింద బేతంచెర్ల బండలో, కడప బండలో, తాడిపత్రి నల్లరాయో ఉంటుంది. పైన ఆర్సీసీ స్లాబు, నాలుగు పక్కలా సున్నం గోడలు. ఎండాకాలం ఆ రాయి కాళ్లకు చల్లగా ఉంటుంది, అందుకే వేసుకుంటాం, కానీ శబ్దానికి అది అద్దం కిందే లెక్క, వచ్చింది వచ్చినట్టు తిప్పి కొడుతుంది. సామాను లేని అలాంటి గదిలో చప్పట్లు కొడితే రెండు సెకన్ల పైనే మోగుతుంది, పాట వినడానికి కావలసింది అర సెకను లోపు. దీనికి లెక్క కనిపెట్టింది హార్వర్డ్ ప్రొఫెసర్ వాలెస్ సాబిన్. 1895లో అక్కడ ఒక లెక్చర్ హాలులో మాట్లాడితే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అన్న మాట అయిదున్నర సెకన్లు గోడల మధ్య తిరిగేది. ఆయన రాత్రిపూట పక్క థియేటర్ నుంచి సీట్ల కుషన్లు మోయించి, ఒక్కొక్కటే హాల్లో పెంచుకుంటూ పోయి, స్టాప్‌వాచీ పట్టుకుని కొలిచాడు. ఆయనకు కుషన్లు, మనకు ఆదోని పత్తి. దూది పరుపులు రెండు గోడకు నిలబెట్టి, కింద ఒక మందపాటి జంపఖానా పరిచి, ఒక పక్క పుస్తకాల అలమర పెట్టి మళ్లీ అదే పాట వేయండి. ఆ తేడా మాత్రం వంటింట్లోకి కూడా తెలుస్తుంది. కాకపోతే ఇంటికొచ్చినవాళ్లు పరుపు చూసి 'ఎందుకిది' అంటారు, యాంప్ చూసి 'ఎంత' అంటారు, అదీ తేడా.

బేస్ కథ ఇంకా విచిత్రం. పదడుగుల గదిలో రెండు గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలిచిపోయి గూబలదిరేలా మోగుతుంది, పొడుగూ వెడల్పూ స్లాబు ఎత్తూ మూడూ పదే అయితే మూడింతలు కష్టం. బేస్ గిటార్లో లావుపాటి తీగల్లో రెండోది సరిగ్గా 55 హెర్ట్జ్. మూలన కూర్చుంటే ఆ తీగ మోగినప్పుడల్లా గది ఊగుతుంది, గది నట్టనడుమ కూర్చుంటే అదే స్వరం మాయమవుతుంది. మనవాళ్లు కుర్చీ నడుమ వేసుకుని, బేస్ రావట్లేదని సబ్ వూఫర్ కొంటారు, అది పెట్టాక పక్కింటాయన తలుపు కొడతాడు. కుర్చీ రెండు మూడడుగులు వెనక్కి జరిపితే చాలేది. బోరులో నీళ్లు లేనప్పుడు మోటారు హెచ్‌పీ పెంచితే ఏం లాభమో గది ఇలా ఉన్నప్పుడు యాంప్ మార్చినా అంతే లాభం.

కేబుళ్ల గురించి ఎక్కువ చెప్పను. ఇంటి వైరింగుకు వాడే రెండున్నర స్క్వేర్ ఎంఎం రాగి వైరు ఐదు మీటర్లు స్పీకర్‌కు లాగితే, పోనూరానూ కలిపి దాని రెసిస్టెన్స్ 0.08 ఓమ్ కూడా ఉండదు. ఎనిమిది ఓమ్‌ల స్పీకర్‌కు దానివల్ల తగ్గే శబ్దం డెసిబెల్‌లో పదో వంతు లోపే. అదే డబ్బుతో ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి. మన వైపు వానలు తక్కువ, ఎండాకాలం నేల బాగా ఎండిపోయి ఎర్తింగ్ రెసిస్టెన్స్ పెరుగుతుంది, ఉప్పూ బొగ్గూ వేసిన ఆ గుంతలో నీళ్లు పోసేవాళ్లుండరు. స్పీకర్లో వచ్చే 'గుమ్మ్' అనే 50 హెర్ట్జ్ మూలుగు చాలాసార్లు ఇలాంటి ఎర్తింగ్ గొడవల వల్లే, దాన్ని పోగొట్టుకోవడానికి వేలు పోసి పవర్ కండిషనర్ (కరెంటును శుభ్రం చేస్తుందని అమ్మే పెట్టె) కొన్నవాళ్లు నాకు తెలుసు.

స్పీకర్ల సంగతి వేరు, అది ఒప్పుకోవాలి. ఒక మంచి స్పీకర్‌కూ ఒక నాసిరకం స్పీకర్‌కూ మధ్య తేడా కళ్లు మూసుకున్నా తెలుస్తుంది, టూల్ ఆలివ్ పరీక్షల్లో తేలిందీ అదే. చిన్న డబ్బాతో పాటలు వింటున్నవాళ్లు ఒకసారి మంచి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు (అరలోనో బల్ల మీదో పట్టేవి) కొనడాన్ని నేను పిచ్చి అనను. నాలుగోసారి కొనడం దగ్గరే నా పేచీ. దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ సరదాకు సరిపడా డబ్బు చేతికొచ్చేది యాభై దగ్గరపడ్డాక, అప్పటికి చెవిలో పద్నాలుగు పదిహేను కిలోహెర్ట్జ్ పైన చాలామందికి తలుపులు మూసుకుపోయి ఉంటాయి. జాతరలో డీజే బాక్సుల ముందు నిలబడ్డవాళ్లకైతే ఇంకా ముందే.

డబ్బు మాటకొస్తే, ఇంట్లో చెప్పే రేటు ఒకటి, అసలు రేటు ఒకటి, ఇది అన్ని ఊళ్లలో ఉన్నదే. ఇప్పుడు కొత్తగా నో కాస్ట్ ఈఎంఐ వచ్చి అసలు రేటు కొన్నవాడికే తెలియకుండా పోయింది. సున్నా వడ్డీ అనేదే అసలు లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఇప్పుడు జరిగేదేంటంటే వడ్డీ మొత్తాన్ని ముందే డిస్కౌంట్‌గా చూపించి, తర్వాత కార్డు మీద వడ్డీ వసూలు చేస్తారు, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, చాలా బ్యాంకుల్లో పైగా ప్రాసెసింగ్ ఫీజు. మొత్తం చిన్నదే. కానీ పాత వాయిదాలు తీరకముందే కొత్త మోడల్ రివ్యూ వీడియో వస్తుంది, దాని కింద లింకు ఉంటుంది, మీరు ఆ లింకు నొక్కి కొంటే చాలామంది రివ్యూయర్లకు కమీషన్ అందుతుంది. "పాతదే చాలు, మార్చకండి" అనే వీడియో తీస్తే వాళ్లకేం మిగులుతుంది?

ఈ మొత్తం వ్యవహారంలో నిఖార్సుగా లాభపడేది సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు. అనంతపురంలో ఇంజినీరింగ్ చదివే కుర్రాడికి, గీత కూడా పడని స్పీకర్లు సగం ధరకు దొరుకుతున్నాయంటే అది మన పెద్దమనుషుల అసంతృప్తి పుణ్యమే. అలా కొనేవాళ్లకు నేను చెప్పేది, యాంప్ ఏ మోడలో పెద్దగా పట్టించుకోవద్దు, స్పీకర్ మాత్రం చేత్తో చూడండి. కోన్ (స్పీకర్ ముందు అదిరే గరాటు లాంటి భాగం) చుట్టూ ఉన్న అంచు ఫోముదైతే పది పదిహేనేళ్లకు పొడిపొడిగా రాలిపోతుంది, రబ్బరుదైతే చాలా కాలం ఉంటుంది. కోన్‌ను రెండు పక్కలా వేళ్లు పెట్టి మెల్లగా లోపలికి నొక్కండి, గరగరమని రాసుకుంటే కాయిల్ పోయినట్టు, మళ్లీ చుట్టించే ఖర్చు రేటులోంచి తగ్గించమనండి.