పాత జావా పోగుపడితే తప్పు వాడేవాడిదా?

ఇంట్లో కంప్యూటర్ కాస్త నెమ్మదించిందంటే చాలు, ‘ఆ పాత జావా, విజువల్ సీ ప్లస్ ప్లస్ వెర్షన్లన్నీ పీకిపారెయ్’ అనే సలహా వచ్చిపడుతుంది. చెప్పేది క్లీనర్ యాప్ ప్రకటన కావచ్చు, పక్కింటి బీటెక్ కుర్రాడు కావచ్చు. ఆ సలహా సగం తప్పు. ఏది తీయాలో, ఏది ముట్టుకోకూడదో తెలియని అయోమయంలోకి మామూలు వాడకందారును నెట్టింది మాత్రం ఆ సాఫ్ట్‌వేర్లు చేసిన కంపెనీలు, అవి ఉండితీరాలని పట్టుబట్టిన ఆఫీసులు. నింద అక్కడికే చేరాలి.

ముందు ముట్టుకోకూడని వాటి సంగతి. విండోస్ ప్రోగ్రాముల జాబితాలో, వేరే ప్రోగ్రాములు నడవడానికి కావాల్సిన మైక్రోసాఫ్ట్ ఫైళ్ల ప్యాకేజీలు విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అని 2005, 2008, 2010, 2012, 2013, 2015 అంటూ వరుసగా పేర్లుంటాయి. ఒక్కోదానికీ ఎక్స్86 (32 బిట్), ఎక్స్64 (64 బిట్) అని రెండేసి. చూడగానే ఒకే సరుకుకు పాత, కొత్త వెర్షన్లనిపిస్తుంది. కాదు. 2010 నాటి పరికరాలతో తయారైన ప్రోగ్రాము ఎంఎస్‌వీసీపీ100 అనే డీఎల్ఎల్ ఫైలును వెతుక్కుంటుంది, 2013 నాటిది ఎంఎస్‌వీసీపీ120ని. ఒకదాని పని ఇంకొకటి చేయదు. 2015 నుంచి మాత్రం మైక్రోసాఫ్ట్ బుద్ధి తెచ్చుకుంది. 2015, 2017, 2019, 2022 అన్నిటికీ 140 అంకెతోనే ఫైళ్లు పెట్టి, కొత్తది వేస్తే పాతదాని స్థానంలో కూర్చునేలా చేసింది. పదేళ్ల ముందే చేయాల్సిన పని అది.

2013ది పాతదనుకుని తీసేశారనుకోండి. మర్నాడు ఏ ప్రింటర్ ప్రోగ్రామో, గేమో తెరవగానే ‘ఎంఎస్‌వీసీపీ120 డాట్ డీఎల్ఎల్ కనబడలేదు’ అంటుంది. అప్పుడు జనం చేసే పని ఇంకా ప్రమాదం. ఆ ఫైలు పేరు గూగుల్లో కొట్టి, ఊరూపేరూ లేని సైటు నుంచి దించుకుని, సిస్టమ్32 ఫోల్డర్లో పడేస్తారు. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు. 32 బిట్ ఫైళ్లుండేది సిస్‌వావ్64లో. పేర్లు తిరగేసినట్టున్నా సంగతి అంతే. రెండూ తారుమారైతే 0ఎక్స్‌సీ000007బీ అనే ఎర్రర్ వస్తుంది, దాన్ని చూసి విండోస్ మళ్లీ వేయించుకున్నవారున్నారు. సరైన మందు చిన్నది: ఆ ఏడాది ప్యాకేజీని మైక్రోసాఫ్ట్ సైటు నుంచే దించి ఎక్స్86, ఎక్స్64 రెండూ వేసుకోవాలి. కంప్యూటర్ 64 బిట్‌దైనా 32 బిట్ ప్రోగ్రాముకు 32 బిట్ ఫైలే కావాలి కాబట్టి ఎక్స్86 వదలకూడదు. 2008 కింద ఒకే రకానికి మూడు నాలుగు వరుసలుంటే, చివర 30729.6161 ఉన్నదాన్ని ఉంచి మిగతావి తీయవచ్చు. మిగిలేది కొద్ది మెగాబైట్ల చోటు. దానికోసం ఆదివారం పాడుచేసుకోవడం దండగ.

డాట్‌నెట్‌దీ (ప్రోగ్రాములు నడవడానికి మైక్రోసాఫ్టే ఇచ్చే మరో ఆధారం) ఇంచుమించు ఇదే కథ. ఫ్రేమ్‌వర్క్ 4.8 తన ముందరి 4 శ్రేణి వెర్షన్ల స్థానంలోనే కూర్చుంటుంది, 3.5 మాత్రం వేరుగా ఉంటుంది. పాత అకౌంటింగ్ ప్రోగ్రాములకు అది కావాలంటే విండోస్ ఫీచర్ల పెట్టెలో టిక్కు పెడితే సరి. కొత్త శ్రేణిలో డాట్‌నెట్ 6కు మద్దతు 2024 నవంబరు 12తో ముగిసింది. కానీ 6 కోసం కట్టిన ప్రోగ్రాము తనంతట తాను 8 మీద నడవదు. కనుక 6ను తీసే ముందు దాన్ని అడిగే ప్రోగ్రామేదో చూసి, ముందు ఆ ప్రోగ్రామును అప్‌డేట్ చేయాలి.

ఇక జావా, అంటే జావాలో రాసిన ప్రోగ్రాములను నడిపే సాఫ్ట్‌వేర్. ఇక్కడ లెక్క తలకిందులు: పాతది తీసితీరాలి. ఒకప్పుడు జావా అప్‌డేట్ వేసుకుంటే కొత్తది పాతదాని పక్కన చేరేదే తప్ప పాతది పోయేది కాదు. వెబ్ పేజీలో నడిచే యాప్లెట్ అనే చిన్న జావా ప్రోగ్రాము ‘నాకు ఫలానా పాత వెర్షనే కావాలి’ అని అడగ్గలిగే రోజులవి. అంటే మీరు ఎన్ని అప్‌డేట్లు వేసుకున్నా, దొంగకు పాత తలుపు తీసే ఉండేది. 2013 జనవరిలో జావా 7లో బయటపడిన లోపాన్ని చూసి, బ్రౌజర్లో జావాను ఆపేయమని అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖే జనానికి చెప్పాల్సివచ్చింది.

ఈ వ్యవహారంలో నాకు కీలకంగా తోచేది 2015 డిసెంబరు నాటి సంగతి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ జావా యజమాని ఒరాకిల్ మీద అభియోగం మోపింది. అప్‌డేట్ చేసుకుంటే మీ కంప్యూటర్ భద్రమని వాడకందార్లకు చెప్పి, అంతకు ముందరి ఒక్క వెర్షన్‌ను మాత్రమే తీసి, మిగిలిన పాతవాటిని అలాగే వదిలేశారన్నది ఆరోపణ. జావా 6 అప్‌డేట్ 10 కంటే ముందువైతే అసలు తీయనేలేదు. అప్‌డేట్ పద్ధతి సరిగా పనిచేయడం లేదని 2011 నాటి కంపెనీ అంతర్గత పత్రాల్లోనే ఉందని కమిషన్ ఎత్తిచూపింది. అప్పటికి జావా ఉన్న కంప్యూటర్లు 85 కోట్ల పైచిలుకు. చివరికి, అప్‌డేట్ సమయంలో పాత వెర్షన్లుంటే చెప్పి, తీసేసే వీలు ఇవ్వాలన్న షరతుకు ఒరాకిల్ ఒప్పుకుంది. ‘పాతది తీసేయకపోవడం మీ అజాగ్రత్త’ అనే వాదన అక్కడే తేలిపోయింది. పెట్టినవాడే తీయాలి.

మన దగ్గర, ప్రభుత్వ టెండర్లు వేసే సైట్లలో, పరిస్థితి ఇంకో మెట్టు కింద ఉండేది. ఈ-ప్రొక్యూర్‌మెంట్ సైట్లలో డిజిటల్ సంతకం ఏళ్ల తరబడి జావా యాప్లెట్ల మీదే నడిచింది. 2014 జనవరిలో వచ్చిన జావా 7 అప్‌డేట్ 51 సరైన సంతకం లేని యాప్లెట్లను అడ్డుకోవడం మొదలెట్టగానే, చిన్న కాంట్రాక్టర్లకు, ఆడిటర్లకు అందిన సూచనలేమిటి? భద్రతా స్థాయిని ‘మీడియం’కు దించండి, సైటు పేరు మినహాయింపుల జాబితాలో చేర్చండి, అప్‌డేట్ ఆపేయండి. ఇంటి కంప్యూటర్‌ను దొడ్డిదారిన ప్రభుత్వ సర్వరుకు అనుబంధ శాఖగా మార్చడమది. అద్దె లేదు, బాధ్యతా లేదు. క్రోమ్ 2015 సెప్టెంబరులో, ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో యాప్లెట్లకు తలుపు మూశాక గాని కదలిక పెరగలేదు.

పాతది తీసేస్తే పాత ప్రోగ్రాములు ఆగిపోతాయి, విండోస్ ఇన్నేళ్లు నిలిచిందే ఆ అనుకూలత వల్ల, పనిచేస్తున్నదాన్ని కెలకడమెందుకని అడిగేవారున్నారు. విజువల్ సీ ప్లస్ ప్లస్ విషయంలో వారి మాట నిజమే. జావాకు మాత్రం అది సాకు. ప్రోగ్రాముకు ఫలానా వెర్షన్ కావాలంటే దాన్ని తన ఫోల్డర్లోనే తెచ్చుకోవాలి. జావా 9తో వచ్చిన జేలింక్ అనే పనిముట్టు అందుకే ఉంది. పిల్లలు ఆడే మైన్‌క్రాఫ్ట్‌నే చూడండి: దాని 1.17 వెర్షన్‌కు జావా 16, 1.18కి 17, 1.20.5 నుంచి 21 కావాలి. అయినా అధికారిక లాంచర్ తనకు కావాల్సిన జావాను తానే తెచ్చుకుంటుంది, ఇంట్లోవాళ్లకు ఆ గొడవే తెలియదు. ఒక ఆటకు సాధ్యమైనది కోట్ల టెండర్లు నడిపే సైటుకు ఎందుకు సాధ్యపడలేదు?

తీసే పద్ధతి ఇదీ. జాబితాలో జావా 6, 7 కనిపిస్తే మారుమాట లేకుండా తీసేయండి. 32 బిట్, 64 బిట్ వేర్వేరు వరుసల్లో ఉంటాయి, రెండూ చూడాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘వేర్ జావా’ అని ఇంగ్లిషులో కొడితే ఎక్కడెక్కడ ఉన్నాయో వస్తాయి. వాటిలో మొదటిదే నడిచేది. తీసేశాక జావా ఎక్కడుందో చెప్పే జావాహోమ్ (JAVA_HOME) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ లేని ఫోల్డర్‌ను చూపుతూ మిగిలిపోవచ్చు, దాన్నీ సరిచేయాలి. జావా అడిగే ప్రోగ్రాము ఇంట్లో ఏదీ లేకపోతే మళ్లీ వేయకండి: మెయిల్లో వచ్చిన జార్ ఫైలును (జావా ప్రోగ్రాము ఉండే ఫైలు) పొరపాటున రెండుసార్లు నొక్కినా జావా లేని కంప్యూటర్లో అది నడవదు. తప్పదనుకుంటే ఎక్లిప్స్ టెమురిన్ పేరుతో దొరికే జావా 8, 17, 21 ఉచితం. ఇంటి నుంచే ఆడిటు పని చేసేవారికి ఇది మరీ ముఖ్యం. 2019 ఏప్రిల్ నుంచి ఒరాకిల్ జావా 8 కొత్త అప్‌డేట్లు సొంత వాడకానికే ఉచితం, వ్యాపారానికి కాదు.

ఈ ఆధారపడే జబ్బు ప్రోగ్రాముల దగ్గర ఆగితే బాగుండేది. తెలుగు అక్షరానికీ పట్టింది. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజ్‌మేకర్ 7, అను ఫాంట్ల కోసం పాత విండోస్ యంత్రాలను కాపాడుకుంటున్నారు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఏ కంప్యూటర్లోనైనా తెలుగును తెలుగుగానే చూపే యూనికోడ్ ప్రమాణం దానికి తెలియదు. అదే 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంట్‌తో వచ్చింది. దారి అప్పుడే తెరిచారు, మనం నడవలేదు. ఫలితంగా పెళ్లిపత్రికల నుంచి పుస్తకాల దాకా ఎన్నో ఫైళ్లు ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే ఇంగ్లిషు గుర్తుల గజిబిజి. అక్కడ పాత వెర్షన్ పోతే పోయేది ప్రోగ్రాము కాదు, రాత. అలాంటి ఫైళ్లున్న ప్రచురణకర్తలు, రచయితలు యంత్రం నడుస్తున్నప్పుడే ప్రతి ఫైలుకూ పీడీఎఫ్ ఒకటి తీసి, టెక్స్ట్‌ను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేయాలి. వత్తుల దగ్గర, సంయుక్తాక్షరాల దగ్గర కన్వర్టర్లు తప్పు చేస్తాయి కాబట్టి ఆ పీడీఎఫ్‌ను పక్కన పెట్టుకుని ప్రూఫు దిద్దాలి. ఇకముందు కొత్త పుస్తకం అచ్చుకు ఇచ్చేవారు డీటీపీ సెంటర్‌ను ఒక్క మాట అడగాలి: అచ్చు పీడీఎఫ్‌తోపాటు యూనికోడ్ ఫైలు కూడా ఇస్తారా లేదా అని.