జీపీఎస్‌తో కొలిస్తే ఆంటెన్నా స్థానం తేలిపోతుందా?

"రేడియో టెలిస్కోపు ఆంటెన్నాల స్థానాలు జీపీఎస్‌తో ఒక్కసారి కొలిస్తే చాలు, ఆకాశాన్ని చూసి మళ్లీ సరిచేయడం పాతకాలపు అలవాటు" అనే మాట బాగా తిరుగుతోంది. అది తప్పు.

"సెంటీమీటరు దాకా తెలుస్తుంది, చాలదా?" ఎన్నో డిష్ ఆంటెన్నాలు కలిసి ఒకే టెలిస్కోపులా పనిచేసే, అమెరికా న్యూమెక్సికోలోని వీఎల్‌ఏ 7 మిల్లీమీటర్ల తరంగాలను కూడా అందుకుంటుంది. అక్కడ తరంగం వచ్చే దిశలో ఒక్క మిల్లీమీటరు తేడా ఉంటే ఫేజ్ (తరంగం తన చుట్టులో ఎక్కడుందో చెప్పే కోణం, పూర్తి చుట్టు 360 డిగ్రీలు) సుమారు 51 డిగ్రీలు తప్పుతుంది. 21 సెంటీమీటర్ల దగ్గర అదే తేడా 2 డిగ్రీల లోపే. పైగా కావలసిన బిందువు నేలమీద లేదు. డిష్ తిరిగే రెండు అక్షాలు కలిసేచోటు, ఉక్కు నిర్మాణం లోపల ఉంది. అవి సరిగ్గా కలవకపోతే ఆ ఎడం కూడా డిష్ ఎంత పైకి చూస్తోందన్న కోణాన్ని బట్టి ఫేజ్‌లోకి చేరుతుంది. జీపీఎస్ మొదటి అంచనాకు మాత్రం చాలా మంచిది.

"ఒక్కసారి చాలు." వీఎల్‌ఏలోని 27 డిష్‌లను కొన్ని నెలలకోసారి పట్టాల మీద మోసుకెళ్లి వేరే కాంక్రీటు పునాదులపై దించుతారు. పాత పునాదికే తిరిగొచ్చినా మిల్లీమీటరు తేడా లేకుండా కూర్చోదు. పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపులో 30 డిష్‌లూ కదలవు, తరంగాలూ పొడవైనవి, కాబట్టి ఆ బెడద తక్కువ.

"పక్కనున్న కాలిబ్రేటర్ (లక్ష్యానికి దగ్గర్లో, ఫేజ్ సరిచూసుకోవడానికి చూసే తెలిసిన మూలం) ఆ తప్పును ఎలాగూ తుడిచేస్తుంది." ఆ దిశలో మాత్రమే. లక్ష్యం 5 డిగ్రీల దూరంలో ఉంటే, సెంటీమీటరు తప్పులో 0.87 మిల్లీమీటర్ల దాకా మిగిలిపోవచ్చు. 7 మిల్లీమీటర్ల దగ్గర అది 45 డిగ్రీలు!

సరైన పద్ధతి ఇది. స్థానం కచ్చితంగా తెలిసిన, చుక్కలా కనిపించే ప్రకాశవంతమైన క్వాజార్లను (చాలా దూరపు గెలాక్సీల వెలుగు కేంద్రాలను) పదికి పైగా ఎంచుకుని, ఆకాశం నలుమూలలా త్వరత్వరగా మారుతూ చూడాలి. కొలతకు ఆధారంగా ఎంచుకున్న ఒక రిఫరెన్స్ డిష్‌తో పోల్చి ప్రతి డిష్‌కూ నాలుగు విలువలు సాధించాలి: మూడు స్థాన సవరణలు, ఒక స్థిర ఫేజ్. అన్ని క్వాజార్లూ ఒకే డెక్లినేషన్‌లో (ఆకాశంలో అక్షాంశం లాంటి కోణంలో) ఉంటే భూమి అక్షం దిశలోని సవరణ స్థిర ఫేజ్‌లో కలిసిపోతుంది, ఎంతసేపు చూసినా విడిపోదు. ఫలితం పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. దోషం సగం తరంగదైర్ఘ్యం దాటితే ఫేజ్ చుట్ల లెక్క తప్పుతుంది, అందుకే ముందు పొడవైన తరంగాలతో సాధించి తర్వాత చిన్నవాటికి రావాలి. పొడి వాతావరణంలో, రాత్రిపూట చూడటం మేలు. గాలిలోని నీటి ఆవిరి ఫేజ్‌ను ఊపేస్తే అదీ స్థానదోషంలాగే కనిపిస్తుంది.

సవరణలు ఆలస్యంగా తేలినా పాత డేటా వృథా కాదు. రేడియో డేటాను విశ్లేషించే కాసా సాఫ్ట్‌వేర్‌లో, జెన్‌కాల్ అనే ఆదేశానికి 'యాంట్‌పాస్' (antpos) రకం ఇచ్చి, మిగతా కాలిబ్రేషన్ కంటే ముందే వాటిని చేర్చాలి.