డీసీ పిన్ను గారికి ఒక అర్జీ

విషయం: 0.96 అంగుళాల ఓలెడ్ డిస్‌ప్లే డ్రైవరుకు (తెరని నడిపే నా ప్రోగ్రాముకు) ఎస్‌పీఐ (చిప్పుల మధ్య తీగల మీద డేటా పంపే ఒక పద్ధతి) జోడించబోయి శని, ఆదివారాలు పోగొట్టుకున్నవాడి మొర.

అయ్యా,

మీ బోర్డు మీది పేర్లు చూడగానే నాకు సచివాలయం గుర్తొచ్చింది. చివర సీఎస్ (చిప్పుని పిలిచే పిన్ను), పక్కనే డీసీ, అంటే తమరు: వోల్టేజి పైనుంటే వచ్చేది డేటా, కిందికి దిగితే కమాండు అని చెప్పే పిన్ను. సీఎస్ గారు కిందికి దిగితే తప్ప ఫైలు కదలదు. డీ0 అంటే డేటా అనుకుని వెళ్తే అది క్లాకు, ఒక్కో బిట్టు ఎప్పుడు చదవాలో చెప్పే సంకేతం. డేటా డీ1 కౌంటరులో ఇవ్వాలట. ఏ ఆఫీసులోనైనా ముందు తప్పు కిటికీ దగ్గరే నిలబడతాం కదా, సరే అనుకున్నాను.

అంతకుముందు ఐ2సీ అనే మరో పద్ధతిలో నాలుగు తీగలతో సుఖంగానే ఉన్నాం. అక్కడ తమరి అవసరమే లేదు. పంపేది కమాండా, బొమ్మా అన్నది ముందు వెళ్లే ఒక బైటు చెప్పేస్తుంది. ప్రతి బైటుకీ అందినట్టు రసీదు కూడా వస్తుంది. కాకపోతే నెమ్మది. 128 అడ్డం, 64 నిలువు చుక్కల తెరకి 1024 బైట్లు. రసీదులతో కలిపి 400 కిలోహెర్ట్జ్‌లో 23 మిల్లీసెకన్లు. ఎస్‌పీఐలో 8 మెగాహెర్ట్జ్‌కి ఒక్క మిల్లీసెకను చాలన్నారు. ఆశపడ్డాను.

రసీదుల పద్ధతి ఇక్కడ లేదని తర్వాత తెలిసింది. డ్రైవరు "డిస్‌ప్లే సిద్ధం" అంది. తెర మాత్రం నల్లగా ఉంది. తీగలన్నీ పీకేశాను. అప్పుడూ "డిస్‌ప్లే సిద్ధం" అనే అంది. చూస్తే, తెర వెలిగించమని నేను కమాండు పంపినప్పుడు తమరు పైనే కూర్చుని ఉన్నారు. దాన్ని బొమ్మ అనుకుని మెమరీలో పడేశారు. మిమ్మల్ని కిందికి దింపాక తెర వెలిగింది కానీ, మెమరీ తుడవడం మర్చిపోయినందుకు నిజంగానే చుక్కలు చూపించారు.

ఇక అసలు మొర. కుడివైపు కింది మూలన, అంచుకి ఆనించి, గది వేడి "28 సి" అని ఇంగ్లిషు అక్షరంతో రాయించాను. రాసిన మరుక్షణం బొమ్మంతా చోటు తప్పేది. ఆ "సి" తీసేస్తే బుద్ధిగా ఉండేది. ఒక్క అక్షరం మీద ఇంత పగ ఏమిటని ఫాంటుని తిట్టాను, జంపర్ వైర్లు మార్చాను. రాత్రి రెండింటికి, తీగల మీది సంకేతాలు చూపించే లాజిక్ ఎనలైజర్ తగిలిస్తే అప్పుడు దొరికింది: ఆఖరి బైటు ఇంకా తీగ మీద ఉండగానే నా కోడు తర్వాతి కమాండు కోసం తమరిని కిందికి దించేస్తోంది. "పంపేశాను" అని ఎస్‌పీఐ అన్నది బఫరులో (తాత్కాలిక నిల్వలో) వేశానని మాత్రమే. తమరేమో ఎనిమిదో క్లాకుకి ఎక్కడుంటే ఆ ముద్రే వేస్తారు. "సి" చివరి నిలువు వరుస చుక్కలు హెక్స్‌లో (పదహారు ఆధారంగా రాసే అంకెల్లో) 22. కమాండుగా చదివితే 22 అంటే "పేజీ (తెర మీది అడ్డపట్టీ) చిరునామా చెబుతున్నా, రాసుకో" అని. వెనకే వచ్చిన రెండు బైట్లనీ చిరునామా అనుకుని మింగేసింది చిప్పు. దాని తప్పేం లేదు పాపం.

తమరు లేకుండా మూడు తీగల ఎస్‌పీఐ కూడా ఉంది, బైటుకి ముందు ఒక బిట్టు చేర్చి, మొత్తం తొమ్మిది బిట్లలో తమరి పని కానిచ్చేస్తుంది. నా మైక్రోకంట్రోలరుకి ఎనిమిదే వచ్చు. కాబట్టి తమరి దయే దిక్కు.

ఇట్లు,
బిజీ ఫ్లాగు (ఎస్‌పీఐ ఇంకా పంపుతోందని చెప్పే గుర్తు) దిగేదాకా తమరి జోలికి రాని విధేయుడు

జతపరచినవి: ఏడు జంపర్ వైర్లు, ఒక లైను కోడు.